బిళ్ల మొదలుపెట్టిన మొదటి మూడు నెలలు: ఏది మామూలు, ఏది కాదు

పాచిపెంట: మొదటి ప్యాకెట్‌లో అయిదారు బిళ్లలు మింగేసరికి కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఇంకో వారం గడిచాక, నెలసరి రావాల్సిన రోజు కాకపోయినా చిన్న మరక కనబడుతుంది. అత్తగారిని అడిగితే ఆమెకు తెలియదు. అమ్మీకి ఫోన్ చేస్తే ఆమెకూ తెలియదు. "వేడి చేసిందేమో, ఆపేయ్" అంటారు. ప్యాకెట్ బీరువాలో చీరల కిందకి పోతుంది. రెండు మూడు నెలల తర్వాత నెల తప్పుతుంది. ఒళ్లో బిడ్డకు ఇంకా నడక రాకముందే ఇంకో కాన్పు.

పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట మండలంలో అయినా, కింద సాలూరు పట్నంలో అయినా, హైదరాబాద్ పాతబస్తీలో అయినా ఈ కథ ఇలాగే నడుస్తుంది. చెడ్డది బిళ్లా, ఆపేసిన అమ్మాయా అని వెతికితే లాభం లేదు. మొదటి మూడు నెలలు ఒంట్లో ఏమేం జరగొచ్చో ఆ అమ్మాయికి ముందే ఎవరూ చెప్పలేదు. లోపం అక్కడ ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఎందుకు తెలియదు?

దానికి ఒక కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే చాలా ఏళ్లుగా ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. రోజూ బిళ్ల వేసుకునేవాళ్లు చాలా తక్కువ. ఇద్దరో ముగ్గురో పిల్లలు పుట్టాక ఆపరేషన్ చేయించుకున్న అత్తగారికి, అమ్మకు బిళ్లతో పనే పడలేదు. కాన్పు గురించి, పాలు పట్టడం గురించి, కాయం గురించి వాళ్లు గంటలు గంటలు చెప్పగలరు. బిళ్ల మొదటి నెల ఎలా ఉంటుందో చెప్పలేరు.

ముస్లిం కుటుంబాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. శాశ్వతంగా పిల్లలు పుట్టకుండా చేసుకునే ఆపరేషన్‌ను చాలామంది ఆలిములు సమ్మతించరు. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోసం, భార్యాభర్తలిద్దరి ఇష్టంతో తాత్కాలిక పద్ధతి వాడుకోవచ్చని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే తాత్కాలిక పద్ధతుల మంచిచెడ్డలు ఈ ఇళ్లలో ఇంకాస్త బాగా తెలియాలి.

ఆ బిళ్లలో ఏముంది?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఉపకేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే బిళ్లల పేరు మాలా-ఎన్. తక్కువ ధరకు దుకాణాల్లో అమ్మడానికి తెచ్చింది మాలా-డి. రెంటిలోనూ ఉండే మందు ఒకటే. ప్యాకెట్‌కు 28 బిళ్లలు. అందులో 21 బిళ్లల్లో రెండు హార్మోన్లు ఉంటాయి: లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు. మిగతా 7 ముదురు రంగు బిళ్లలు ఐరన్‌వి. వాటిలో హార్మోన్ లేదు. ఆ ఐరన్ రోజుల్లోనే నెలసరి వస్తుంది. 28వ బిళ్ల అయిన మర్నాడే, ఒక్కరోజు కూడా ఖాళీ ఇవ్వకుండా కొత్త ప్యాకెట్ మొదలుపెట్టాలి.

ఈ రెండు హార్మోన్లు అండం విడుదల కాకుండా ఆపుతాయి. గర్భాశయ ముఖం దగ్గర ఉండే జిగురును చిక్కగా చేస్తాయి. లోపలి పొరను పలచగా ఉంచుతాయి. ఒంటికి అలవాటైన నెల లెక్కను బయటి నుంచి వచ్చిన హార్మోన్ మారుస్తుందన్నమాట. ఆ మార్పుకు ఒళ్లు సర్దుకోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ సర్దుబాటు కాలంలోనివే.

మొదటి మూడు నెలల్లో మామూలుగా కనిపించేవి

వికారం: ఈస్ట్రోజెన్ వల్ల కడుపులో తిప్పినట్టు ఉంటుంది. పరగడుపున వేసుకుంటే ఇంకా ఎక్కువ. రాత్రి భోజనం అయ్యాక వేసుకుని పడుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. మింగిన 2 గంటల లోపు వాంతి అయితే ఆ బిళ్ల ఒంటికి పట్టలేదనే అనుకోవాలి, ఇంకొకటి వేసుకోవాలి. వికారం చూసి గర్భమేమో అని భయపడేవాళ్లుంటారు. అనుమానం తీరకపోతే పరీక్ష చేయించుకోవడమే మేలు. అనుమానంతో బిళ్ల ఆపేస్తే, లేని గర్భం నిజంగానే వచ్చే దారి తెరుచుకుంటుంది.

మధ్యలో మరక: లోపలి పొర పలచబడుతూ కుదురుకునే లోపు అక్కడక్కడ చిట్లి చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. కొందరికి రెండు మూడు రోజులు సన్నగా పోతుంది. బిళ్ల పనిచేయడం లేదని దీనికి అర్థం కాదు. బిళ్లలు మరిచిపోతే, రోజుకో వేళ వేసుకుంటే మరక ఇంకా ఎక్కువగా కనబడుతుంది. రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలామందికి మూడో ప్యాకెట్ నాటికి ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా ఆగకపోయినా, నెలసరి కంటే ఎక్కువగా పోతున్నా చూపించుకోవాలి.

తలనొప్పి, రొమ్ముల్లో సలుపు: ఒంట్లో కాస్త నీరు నిలవడం, హార్మోన్ మారడం వీటికి కారణం. మామూలు తలనొప్పి అయితే పారాసిటమాల్‌తో తగ్గుతుంది. భరించలేని తలనొప్పి వేరే సంగతి. దాని గురించి కింద ఉంది.

చిరాకు, మనసు బాగోకపోవడం: ఇది కొందరికే ఉంటుంది. కారణం లేకుండా ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే "నాటకం" అని కొట్టిపారేయకూడదు. ఏఎన్‌ఎంకో డాక్టర్‌కో చెప్పి పద్ధతి మార్చుకోవచ్చు.

ముఖం మీద మంగు: కొందరికి బుగ్గల మీద ముదురు మచ్చలు వస్తాయి. ఇవి ప్రాణానికి ప్రమాదం కాదు గానీ, బిళ్ల ఆపినా మానడానికి చాలా కాలం పట్టవచ్చు.

నెలసరి తక్కువగా రావడం: "చెడు రక్తం లోపలే ఉండిపోతోంది" అని పెద్దవాళ్లు కంగారు పడతారు. అలా ఏదీ లోపల నిలవదు. పొర పలచగా ఉంది కాబట్టి పోయేదే తక్కువ. రక్తహీనత ఉన్నవాళ్లకు ఇది మేలు కూడా. అదే సర్వేలో రాష్ట్ర మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కొండ ఊళ్లలో ఈ సంగతి ఇంకా ముఖ్యం.

రెండు పెద్ద భయాలు

ఒకటి, లావైపోతామని. ఇలాంటి బిళ్లల వల్ల బాగా బరువు పెరుగుతారని పరిశోధనల్లో రుజువు కాలేదు. మొదట్లో కొందరికి నీరు చేరి కాస్త ఉబ్బినట్టు అనిపిస్తుంది.

రెండు, మళ్లీ పిల్లలు పుట్టరని. కొత్త కోడలి చేతిలో ప్యాకెట్ చూసి అత్తింటివాళ్లు గొడవ పడేది ఎక్కువగా దీని గురించే. బిళ్ల ఆపాక అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, గర్భం రావడానికి ప్రత్యేకంగా ఆలస్యం ఏమీ ఉండదు. అంతెందుకు, నాలుగు రోజులు మరిచిపోతేనే గర్భం వచ్చే మందు శాశ్వతంగా సంతానాన్ని ఎలా ఆపుతుంది? ఆలస్యం ఉండేది మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో. అది ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

లారీ వచ్చినప్పుడే బిళ్ల వేసుకుంటే?

సాలూరు లారీల ఊరు. ఇంటాయన రెండు మూడు వారాలు లైన్ మీద ఉంటే "ఇప్పుడెందుకు" అని బిళ్ల ఆపేసి, లారీ తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెడితే రెండు విధాలా నష్టం. బిళ్ల వేసుకున్న గంటకే పనిచేసే మందు కాదు. నెలసరి మొదలైన 5 రోజుల లోపు ప్యాకెట్ ప్రారంభిస్తే రక్షణ వెంటనే ఉంటుంది. మరో రోజు మొదలుపెడితే 7 రోజులు వరుసగా పడేవరకు నిరోధ్ కూడా వాడాలి. అదీకాక, మానేసి మొదలుపెట్టిన ప్రతిసారీ ఒళ్లు మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. వికారం, మరక మళ్లీ మొదలు. రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా కొత్తగా మొదలుపెట్టిన నెలల్లోనే ఎక్కువ. నాలుగు వారాలకు మించి ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ ప్రమాదం తిరిగి వస్తుంది. వాడితే రోజూ వాడాలి. భర్త నెలల తరబడి ఊళ్లో ఉండని ఇంట్లో నిరోధ్ లేదా కాపర్-టీ గురించి అడగడం మంచిది.

ఒక బిళ్ల మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది మామూలు వేళకు వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు. వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ మరిచిపోతే, వెంటనే ఒకటి వేసుకుని రోజువారీ బిళ్లలు కొనసాగిస్తూ 7 రోజులు నిరోధ్ వాడాలి, ఏఎన్‌ఎంని అడగాలి. ఐరన్ బిళ్ల మరిచిపోతే గర్భం గురించి భయం లేదు.

ఈ లెక్క చూస్తే క్రమం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. తప్పకుండా రోజూ వాడితే ఏడాదిలో 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మరిచిపోతూ, ఆపుతూ వాడే మామూలు వాడకంలో 100 మందిలో దాదాపు 7 మందికి వస్తుంది. వానాకాలంలో దారి తెగే కొండ ఊళ్లలో ఉండేవాళ్లు రెండు మూడు ప్యాకెట్లు ముందే తెచ్చి పెట్టుకోవడం మేలు.

మెడికల్ షాపులో దొరికే అత్యవసర బిళ్ల వేరు, ఈ రోజువారీ బిళ్ల వేరు. అత్యవసర బిళ్లలో ఒకేసారి 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది. ఎప్పుడైనా తప్పనప్పుడు వాడాల్సిన దాన్ని నెలనెలా వాడితే నెలసరి లెక్క తప్పుతుంది, రక్షణా తక్కువే.

ఎవరు ఈ బిళ్ల వేసుకోకూడదు?

ప్యాకెట్ చేతిలోకి తీసుకునే ముందు బీపీ చూపించుకోవాలి. 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈ బిళ్ల వద్దు. బిడ్డకు 6 నెలలు నిండని పాలిచ్చే తల్లులు ఈస్ట్రోజెన్ ఉన్న బిళ్ల వాడకూడదు. పాలివ్వకపోయినా కాన్పయిన మొదటి 3 వారాలు వద్దు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, పచ్చకామెర్లు గానీ లివర్ జబ్బు గానీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనబడి ఆ తర్వాత పార్శ్వపునొప్పి వచ్చేవాళ్లు దూరంగా ఉండాలి. కామెర్లకు పసరు మందు తాగి "తగ్గిపోయింది" అనుకునేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

35 ఏళ్లు దాటి పొగ తాగే మహిళలకూ ఇది ప్రమాదమే. "సిగరెట్టా? మాకేం అలవాటు" అని నవ్వేస్తారు. కానీ ఉత్తరాంధ్రలో నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ ఆడవాళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. చుట్ట కూడా పొగే. ఆ మాట దాచకూడదు.

టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి వాడుతున్నా బిళ్ల బలం తగ్గిపోతుంది. తూర్పు కనుమల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి కనబడుతుంది. ఆ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వాళ్లకు నప్పే పద్ధతి ఎంచుకోవాలి. హార్మోన్ వద్దనుకుంటే ఛాయ బిళ్ల ఉంది. అందులో హార్మోన్ లేదు. మొదటి 3 నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు అది. నెలసరి ఆలస్యం కావడం దాని మామూలు ఇబ్బంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

కింది అయిదింటిలో ఏది వచ్చినా బిళ్ల ఆపి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. "తెల్లారాక చూద్దాం" అనకూడదు.

కడుపులో భరించలేని నొప్పి.

ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, దగ్గితే రక్తం.

ఎప్పుడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం.

చూపు మసకబారడం, ఉన్నట్టుండి కనబడకపోవడం.

ఒక్క కాలి పిక్కలో నొప్పి, వాపు, ఎరుపు.

ఇవి ఎక్కువగా రక్తం గడ్డకట్టడానికి గుర్తులు. ఇది చాలా అరుదు. బిళ్ల వాడని, గర్భంతో లేని 10,000 మందిలో ఏడాదికి ఇద్దరికి ఇలా జరిగితే, ఈ రకం బిళ్ల వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి జరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన కొత్తలో ఆ ప్రమాదం దీనికంటే ఎక్కువ. అరుదైనా, వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోన్ చేసినప్పుడూ, డాక్టర్ చూసినప్పుడూ "ఈమె గర్భనిరోధక బిళ్లలు వాడుతోంది" అని చెప్పాలి. సిగ్గుపడి ఆ ఒక్క మాట దాస్తే జబ్బు పోల్చుకోవడం ఆలస్యమవుతుంది.

నమాజు, రోజా సంగతి

మధ్యలో మరక కనిపించినప్పుడు చాలామంది ఆడవాళ్లకు మొదట వచ్చే ప్రశ్న ఇదే. హనఫీ ఫిఖా ప్రకారం హైజ్ కనీసం 3 రోజులు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. ఈ లెక్కలోకి రాని రక్తం ఇస్తిహాజా. ఇస్తిహాజాలో నమాజు, రోజా మాఫీ కావు. నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుని చదువుకోవాలి. అయితే ఒక్కొక్కరి తేదీలను బట్టి జవాబు మారుతుంది. అందుకని మరక ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆగింది క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, ఆ తేదీలతోనే ఆలిమాను అడగాలి. అదే క్యాలెండర్ డాక్టర్‌కూ పనికొస్తుంది.

రంజాన్‌లో బిళ్ల ఆపనక్కర్లేదు. ఇఫ్తార్ తిన్నాక, ఇషా తర్వాత వేసుకుంటే వేళ తప్పదు, వికారం కూడా నిద్రలో గడిచిపోతుంది. ఉమ్రాకో హజ్‌కో వెళ్తూ నెలసరి వాయిదాకు వాడే మాత్రలు వేరే రకం. మాలా-ఎన్‌ను సొంతంగా అటూ ఇటూ మార్చి వాడకుండా, ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగాలి.

ముందే చెప్పడం ఎవరి బాధ్యత?

మొదటి గర్భనిరోధక బిళ్లను 1956 నుంచి ప్యూర్టోరికో మహిళల మీద పరీక్షించారు. వికారం, తల తిరగడం, వాంతులు, తలనొప్పి ఉన్నాయని దాదాపు 17 శాతం మంది చెప్పారు. అక్కడి డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే ఆ సంగతి రాసి పంపినా, పరిశోధన నడిపినవాళ్లు అంతగా పట్టించుకోలేదు. అప్పటి బిళ్లలో హార్మోన్ ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1970లో అమెరికా సెనేట్‌లో విచారణ జరిగాకే, దుష్ఫలితాలు రాసిన కాగితం ప్యాకెట్‌లో పెట్టాలన్న నియమం వచ్చింది.

తెలుగు నేల మీదా అలాంటిది జరిగింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ప్రయోగానికి మహిళలను చేర్చుకుంటుంటే, అది ప్రయోగమని వాళ్లకు సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో ఆ సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒంట్లోకి వెళ్లే మందు గురించి తెలుసుకోవడం ఆడవాళ్ల హక్కు అని ఆ పోరాటం చెప్పింది.

ఆ హక్కును వాడుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆశా కార్యకర్త ప్యాకెట్ ఇచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. నా బీపీ చూశారా? మొదటి నెల ఏమవుతుంది? మరిచిపోతే ఏం చేయాలి? ఏం జరిగితే పరుగెత్తాలి? మూడో ప్యాకెట్ అయ్యేసరికి ఇంకోసారి వెళ్లి బీపీ చూపించుకుని, ఉన్న ఇబ్బందులు చెప్పాలి. మూడు నెలలైనా తగ్గకపోతే భరిస్తూ కూర్చోనక్కర్లేదు, వేరే పద్ధతికి మారొచ్చు. ఆపాలనిపిస్తే ఆపొచ్చు కూడా. అయితే ఆపిన రోజు నుంచే నిరోధ్ అయినా ఇంకొకటైనా చేతిలో ఉండాలి.

ఇంట్లో మగవాళ్లకూ ఇందులో పని ఉంది. బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలన్నది ఇద్దరి నిర్ణయమైనప్పుడు వికారం ఆమె ఒక్కదానిదే అనుకోవడం న్యాయం కాదు. రాత్రి "బిళ్ల వేసుకున్నావా?" అని గుర్తుచేయడం, పీహెచ్‌సీకి తోడు వెళ్లడం, పైన చెప్పిన అయిదు గుర్తులు తనూ తెలుసుకుని ఉండటం భర్త చేయగలిగినవే. ఈ మూడు నెలలు గడిపిన అమ్మాయి రేపు తన మరదలికో చెల్లెలికో "మొదట్లో కొంచెం తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకో, కాలు వాస్తే మాత్రం వెంటనే చెప్పు" అని చెప్పగలుగుతుంది. అత్తగారికి తెలియని మాట ఇంట్లోకి అలాగే వస్తుంది.